ట్రైలరు, ఆలుమగలు, ‘మేము’ అనే మాట

2018 వేసవిలో నేనూ మా ఆవిడా షికాగో దగ్గరున్న మా ఊరి నుంచి ఎల్లోస్టోన్ దాకా, అద్దెకు తీసుకున్న ఒక క్యాంపింగ్ ట్రైలర్ని కారు వెనక తగిలించుకుని వెళ్ళొచ్చాం. పదిహేడు రోజులు. పాపని మా బావమరిది ఇంట్లో వదిలాం. తిరిగొచ్చాక అందరు ప్రవాసుల్లాగే నేనూ ఒక యాత్రా వ్యాసం రాశాను. మా ఊరి తెలుగు సంఘం ఉగాది సంచికలో వేశారు. ఫోటోలు రంగుల్లో వచ్చాయి. పార్టీల్లో నలుగురైదుగురు “బాగా రాశారండీ” అన్నారు. ఇండియా నుంచి మా పిన్నిగారు ఫోన్ చేసి, “ఇల్లు కారుకి కట్టుకుని తిరిగారట గదరా!” అని ఆశ్చర్యపోయారు.

మా ఆవిడ మాత్రం చదివి, సంచిక మూసి బల్లమీద పెట్టి, “ఈ ప్రయాణానికి మీరొక్కరే వెళ్ళారా?” అంది.

నవ్వుతూనే అంది. కానీ నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. వృత్తిరీత్యా ప్రోగ్రాములు రాసేవాణ్ణి. ఏ అనుమానం వచ్చినా లెక్కపెట్టి చూసుకోవడం అలవాటు. లేచి, నా వ్యాసం ఫైలు తెరిచి లెక్కపెట్టాను. మా ఆవిడ ప్రస్తావన నాలుగు చోట్ల ఉంది. ఒకచోట పులిహోర కలిపింది, ఒకచోట ఫోటో తీసింది, ఒకచోట కారులో నిద్రపోయింది, ఒకచోట ట్రైలర్ మురుగు ట్యాంకు ఖాళీ చేస్తుంటే ముక్కు మూసుకుంది. మిగతా అంతా ‘మేము’. మేము బయలుదేరాం, మేము మిస్సోరీ నది దాటాం, మేము కొండెక్కాం.

తెలుగులో ‘మేము’ చాలా మర్యాదైన మాట. అందులో ఎంతమంది ఉన్నా ఇట్టే ఇముడుతారు. కానీ ఎవరు ఏం చేశారో చెప్పదు. “మేము ట్రైలర్ని వెనక్కి నడిపి సైటులో పెట్టాం” అని నేను రాశాను. స్టీరింగ్ తిప్పింది నేను. చీకట్లో, వానలో, చేతిలో టార్చిలైటుతో వెనక నుంచుని “కుడికి, కుడికి, ఆగండి” అని గొంతు పోయేలా అరిచింది ఆవిడ. ట్రైలర్ లాగినవాళ్ళకి తెలుస్తుంది, వెనక్కి నడిపేటప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పితే ట్రైలర్ దానికి ఎదురు దిక్కుకి పోతుంది. వెనకున్న మనిషి లేకపోతే అక్కడి కరెంటు స్తంభం ఇవాళ ఉండేది కాదు. ఆ వాక్యంలో ఆ మనిషి ఎక్కడ?

ఈ ప్రశ్న పట్టుకుని నేను ఇలాంటి ప్రయాణాల మీద వచ్చిన సినిమాలు, పుస్తకాలు మళ్ళీ చూశాను, చదివాను. ఈ వ్యాసం వాటి గురించి. సాహిత్య విమర్శకుణ్ణి కాను. పొరపాట్లుంటే పెద్దలు మన్నించాలి.

మొదట చెప్పుకోవలసింది 1954లో వచ్చిన ‘ది లాంగ్, లాంగ్ ట్రైలర్’. క్లింటన్ ట్విస్ 1951లో రాసిన నవల దీనికి ఆధారం. దర్శకుడు విన్సెంట్ మినెల్లి. ‘ఐ లవ్ లూసీ’తో అప్పటికే అమెరికా ఇళ్ళన్నిటికీ చుట్టాలైపోయిన లూసిల్ బాల్, డెసి ఆర్నెజ్ ఇందులో కొత్త దంపతులు టేసీ, నిక్కీ. టీవీలో ఊరికే కనబడే జంటని డబ్బిచ్చి ఎవరు చూస్తారని స్టూడియోవాళ్ళు సందేహించారట. సినిమా మాత్రం బాగా ఆడింది. స్క్రీన్‌ప్లే రాసిన ఆల్బర్ట్ హాకెట్, ఫ్రాన్సిస్ గుడ్రిచ్ కూడా నిజజీవితంలో మొగుడూ పెళ్ళాలే. అంటే మొగుడూ పెళ్ళాలు నటించిన, మొగుడూ పెళ్ళాలు రాసిన సినిమా. లోపలి సంగతులు తెలిసినవాళ్ళు రాశారని అడుగడుగునా తెలుస్తూనే ఉంటుంది.

కథ చిన్నది. నిక్కీ సివిల్ ఇంజనీరు, పనికోసం ఊళ్ళు తిరగాలి. ఇల్లు కొనే బదులు ట్రైలర్ కొందాం, ఎక్కడికెళితే అక్కడే మన ఇల్లు అంటుంది టేసీ. ముప్పై ఆరడుగుల ట్రైలర్ కొంటారు. అక్కణ్ణుంచి అన్నీ కష్టాలే. నిక్కీ నడపడం నేర్చుకునేటప్పుడు ముందు ట్రైలర్ బ్రేకు, తర్వాతే కారు బ్రేకు అని అతని బుర్రకెక్కిస్తారు. ఈరోజుల్లో కారు బ్రేకు తొక్కగానే డాష్‌బోర్డు కింద ఉండే పెట్టె ట్రైలర్ బ్రేకుల్ని దానంతటదే పనిచేయిస్తుంది. అప్పట్లో ఆ పనీ మనిషిదే. నిక్కీ ముఖంలో ఆ భయం చూసి, మొదటిరోజు నా ముఖం కూడా ఇలాగే ఉండి ఉంటుందనుకున్నాను. బురదలో దిగబడి ట్రైలర్ ఒక పక్కకి ఒరిగిపోయే రాత్రి, చుట్టాలింటి ముందు వెనక్కి నడపబోయి గులాబీ మొక్కలూ ఇంటి పంచా పాడుచేసే దృశ్యం, కదులుతున్న ట్రైలర్లో టేసీ వంట చేయబోయి పిండీ కూరా నెత్తిన పోసుకునే దృశ్యం, వీటికి ఇప్పుడు చూసినా పడీపడీ నవ్వొస్తుంది.

అసలు సంగతి రాళ్ళది. టేసీ ఆగిన ప్రతిచోటా గుర్తుగా ఒక రాయి ఏరుతుంది. పళ్ళ నిలవ పచ్చళ్ళు చేసి సీసాలకెత్తుతుంది. ఎత్తైన కొండ దాటబోయే ముందు బరువు తగ్గించాలి, ఇవన్నీ పారేయమంటాడు నిక్కీ. ఆవిడ పారేసినట్టే చేసి ట్రైలర్లో ఒక్కొక్కచోట దాస్తుంది. తర్వాత లోయ అంచునే కొండెక్కుతూ, భయం పైకి కనబడకుండా ఇద్దరూ ఏవేవో కబుర్లు చెప్పుకుంటారు. ఆ కబుర్లు సినిమా మొత్తంలో గొప్ప ఘట్టం. పెళ్ళైన ఎవరికైనా ఆ గొంతు తెలుసు. ప్రాణాలు అరచేతిలో ఉన్నప్పుడు వాతావరణం గురించి మాట్లాడుకోవడం. చివరికి రాళ్ళు బయటపడతాయి, నిక్కీ వాటిని విసిరేస్తాడు, కాపురం విడిపోయే దాకా వెళ్ళి, వానలో ఇద్దరూ ఒకరికొకరు క్షమాపణ చెప్పుకోవడంతో కథ ముగుస్తుంది.

ఇందులో నాకు నచ్చిందేమిటంటే, ట్రైలర్ని కథలో అలంకారంగా వాడలేదు. ఇరుసు, బ్రేకు, జాకీ, వాలు, ఇవే కథని నడిపిస్తాయి. ఆలుమగల తగాదాలు పెద్ద పెద్ద సిద్ధాంతాల మీద రావు, ఇలాంటి చోట్లే వస్తాయి. నచ్చనిది కూడా ఉంది. కథ చెప్పేది నిక్కీ. వాన కురుస్తున్న రాత్రి ఒక ట్రైలర్ పార్కులో, అయిందంతా ఒక పరాయి మనిషికి చెప్పుకుంటాడు. కాబట్టి రాళ్ళు మనకి నిక్కీ కళ్ళతోనే కనబడతాయి. బరువు, పిచ్చి, మొండితనం. స్థిరమైన ఇల్లంటూ లేని మనిషి, ఎప్పుడో కట్టుకోబోయే ఇంటికోసం దారిలో రాయి రాయి పోగేసుకుంటోందని ప్రేక్షకుడు తనంతట తాను ఊహించుకోవాలి. ఆవిడ చెబితే ఇదే కథ ఎలా ఉండేది? సినిమా ఆ ప్రశ్న వేయదు. రాసినవాళ్ళలో ఒకరు ఆడమనిషి అయినా వేయదు.

రెండోది జాన్ స్టెయిన్‌బెక్ ‘ట్రావెల్స్ విత్ చార్లీ’. ఇది ట్రైలర్ కాదు, పికప్ ట్రక్కు మీద కట్టిన చిన్న గది. దానికి డాన్ కిహోటే గుర్రం పేరు పెట్టి, 1960లో, తన యాభై ఎనిమిదో ఏట, చార్లీ అనే కుక్కతో దేశమంతా చుట్టిన కథ. 1962లో పుస్తకంగా వచ్చింది, అదే ఏడు ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. ఒంటరి మనిషి, కుక్క, దేశం. అమెరికా వచ్చిన కొత్తలో ఈ పుస్తకం చదివి నేను వెర్రెత్తిపోయాను. నా ఉగాది వ్యాసంలో గాలిపోసుకున్న వాక్యాలన్నీ దీన్నుంచి పడ్డ నీడలే.

2010లో బిల్ స్టైగర్‌వాల్డ్ అనే పత్రికా రచయిత అదే దారిలో మళ్ళీ ప్రయాణం చేసి, పాత ఉత్తరాలూ రాతప్రతీ పరిశీలించి, ఒంటరి ప్రయాణమన్న మాట చాలావరకు నిజం కాదని తేల్చాడు. స్టెయిన్‌బెక్ భార్య ఎలేన్ చాలా రోజులు ఆయన వెంటే ఉంది. ఎన్నో రాత్రులు హోటళ్ళలో గడిచాయి. పుస్తకంలో షికాగోలోనూ టెక్సాస్‌లోనూ ఆవిడ పొడిపొడిగా కనబడుతుంది. పశ్చిమ తీరంలో ఆవిడ పక్కనే కూర్చుని చేసిన ప్రయాణం మాత్రం అచ్చులో లేదు. 2012లో వచ్చిన యాభయ్యేళ్ళ ముద్రణకి ముందుమాట రాసిన జే పరీనీ కూడా దీన్ని అక్షరాలా జరిగిన యాత్రగా చదవకూడదని ఒప్పుకున్నాడు.

అప్పట్లో దీనిమీద చాలామంది ‘కల్పన ఉంటే తప్పేమిటి’ అని వాదించారు. సంభాషణలు కల్పిస్తే నాకూ పెద్ద అభ్యంతరం లేదు. నా బాధ వేరు. ఒక మనిషిని తీసేస్తే తప్ప ఆ పుస్తకానికి అందం రాలేదు. కుక్క ఉండొచ్చు, భార్య ఉండకూడదు. కుక్క ఎదురు చెప్పదు, దారి తప్పారని అనదు. ఒంటరి యాత్రికుడనే బొమ్మకి ఆ పక్క సీటు ఖాళీగా ఉండాలి. అంత గొప్ప రచయితే ఆ పని చేస్తే నేనెంత అని ముందు సర్దిచెప్పుకోబోయాను. తర్వాత సిగ్గేసింది. ఆయనకి పుస్తకం నిలవాల్సిన అవసరం ఉంది. ఉగాది సంచికలో నాకేం అవసరం?

మూడోది మైకేల్ జాడోరియన్ నవల ‘ది లీజర్ సీకర్’, 2009. దీని మీద 2017లో హెలెన్ మిరెన్, డొనాల్డ్ సదర్లాండ్‌లతో సినిమా వచ్చింది. అందులో దారి మార్చి కీ వెస్ట్ వైపు పంపారు. నేను చెప్పేది నవల సంగతి. డెట్రాయిట్ దగ్గర్నుంచి ఒక ముసలి జంట, పిల్లలూ డాక్టర్లూ వద్దన్నా, పాత మోటార్ హోమ్‌లో రూట్ 66 పట్టుకుని డిస్నీల్యాండ్‌కి బయలుదేరుతుంది. ఆయనకి మతిమరుపు జబ్బు, ఆవిడకి క్యాన్సర్. ఆయన బండి నడపగలడు కానీ ఎక్కడికో గుర్తుండదు. ఆవిడకి అంతా గుర్తుంది కానీ ఒంట్లో శక్తి లేదు. ఇద్దరూ కలిస్తే ఒక్క డ్రైవరు.

ఈ నవలని చెప్పేది భార్య ఎల్లా. దాంతో అంతా మారిపోయింది. మ్యాపు చూసేదెవరు, మందులు లెక్కపెట్టేదెవరు, ఆయన పెట్రోలు బంకులో దిగి దారి మరిచిపోతే వెతికేదెవరు, ఇదంతా కథే అయింది. రాత్రిళ్ళు క్యాంపుగ్రౌండులో దుప్పటి కట్టి, పాత సెలవుల నాటి స్లైడులు వేసుకుని చూస్తారు. ఆయన చూసి సంతోషిస్తాడు, ఆవిడ చూసి గుర్తుపెట్టుకుంటుంది. ఎల్లా ఆయన్ని విసుక్కుంటుంది, తిడుతుంది, ప్రేమిస్తుంది, ఏదీ దాచదు. ముగింపు చెప్పను, చదవండి. నవలలో కొన్ని మలుపులు సులువుగా వచ్చిపడతాయి, దారిలో ఎదురయ్యేవాళ్ళు కొందరు అట్టబొమ్మల్లా ఉంటారు. అయినా నా మట్టుకు ఈ మూడింటిలో నిజం ఎక్కువున్నది ఇదే. పక్క సీటులోంచి చూసినప్పుడు రోడ్డుతోపాటు డ్రైవరు కూడా కనబడతాడు.

ఇక మన సంగతి. తెలుగులో యాత్రారచనకి పెద్ద దిక్కు ఏనుగుల వీరాస్వామయ్యగారు. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటరు. 1830 మే నెలలో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చిన ఆయన కాశీయాత్ర, 1838లో పుస్తకంగా అచ్చయింది. మజిలీ మజిలీకీ దూరం, నీటివసతి, దొరికే సరుకులు, అక్కడి జనం తీరు, అన్నీ రాశారు. ఆయనా ఒకరకంగా ఇల్లు వెంటేసుకుని కదిలినవారే, డేరాలతో, పెద్ద పరివారంతో. తర్వాత వచ్చేవాళ్ళకి పనికిరావాలని రాసిన పుస్తకం అది. అందుకే ఆ లెక్కలకి ఇప్పటికీ విలువుంది.

మన ప్రవాసుల యాత్రావ్యాసాలు ఆయన్నుంచి లెక్కలు మాత్రం తీసుకున్నాయి. ఇన్ని మైళ్ళు, ఇంత పెట్రోలు, మోటెల్ అద్దె ఇంత, నూటయాభై మైళ్ళలోపు ఇండియన్ రెస్టారెంటు లేదు. ఇప్పుడు అవన్నీ ఫోన్లోనే దొరుకుతాయి. ఫోన్లో దొరకనిది ఒకటుంది. పదిహేడు రోజులు, ఇరవై రెండడుగుల డబ్బాలో, తప్పించుకోవడానికి ఇంకో గది లేకుండా, ఇద్దరు మనుషులు ఏమయ్యారన్నది. దాన్ని మనం రాయం. ఇంటి గుట్టు బయటపెట్టకూడదని పెద్దలు నేర్పారు. కథల్లో రాస్తాం, పేర్లు మార్చి, ఎవరికో జరిగినట్టు. యాత్రావ్యాసంలో మాత్రం అందరం ఎప్పుడూ నవ్వుతూ ఫోటోకి నిలబడినవాళ్ళమే.

నా వ్యాసంలో ఒక వాక్యం ఉంది. “బిగ్ హార్న్ పర్వతాల్లో 9,666 అడుగుల ఎత్తున్న పౌడర్ రివర్ కనుమ దాటి టెన్ స్లీప్ వైపు దిగాం, దృశ్యం అద్భుతం.” అందులో అబద్ధం ఒక్కటీ లేదు. జరిగింది మాత్రం ఇది.

ఆ ఉదయం బఫెలో ఊళ్ళో ట్రైలర్ మంచినీళ్ళ ట్యాంకు నిండా నింపాను. నలభై గ్యాలన్లు. నాది ప్రకాశం జిల్లా, నీళ్ళు కనబడితే నింపుకోకుండా ఉండలేను. మా ఆవిడ వద్దంది. “ట్యాంకు ఇరుసుకి వెనక ఉంది, వెనక బరువు పెరిగితే ట్రైలర్ తోక ఊపుతుంది. కొండ దిగాక అవతల నింపుకోవచ్చు,” అంది. ఖాళీ చేస్తానని చెప్పి ఆవిడ లోపలికెళ్ళగానే మూత బిగించేశాను. దిగేటప్పుడు గేరు తగ్గించమంది. “నాకు తెలుసు, నువ్వు కూర్చో,” అన్నాను. కొన్ని మైళ్ళకి బ్రేకులు కాలిన వాసన వచ్చింది. గాలి విసిరినప్పుడల్లా వెనక ట్రైలర్ కారుని అటూ ఇటూ గుంజుతోంది. ఆవిడ ఒక్క మాట గట్టిగా అనలేదు. “ముందు టర్నవుట్ వస్తోంది, రెండో గేరులో పెట్టి ఆపండి,” అని మాత్రం అంది. ఆపాను. చేతులు వణుకుతున్నాయి.

బ్రేకులు చల్లారడానికి ముప్పావుగంట పట్టింది. ఆవిడ కిందికి దిగి ట్యాంకు మూత తీసింది. మూడువందల ముప్పై నాలుగు పౌండ్ల నీళ్ళు రోడ్డు పక్క రాళ్ళలోకి పోతుంటే ఇద్దరం చూస్తూ నుంచున్నాం. టేసీ రాళ్ళు దాచింది, నేను నీళ్ళు దాచాను. అప్పటికి ఆ సినిమా చూడలేదు కాబట్టి ఆ పోలిక నాకు తట్టలేదు.

అప్పుడు ఆవిడ మాట్లాడింది. “ఇంత బరువు ఇంత ఎత్తునుంచి దిగుతున్నప్పుడు ఆ శక్తంతా ఎక్కడికో పోవాలి. ఇంజను తీసుకోకపోతే బ్రేకులే తీసుకోవాలి. ఇది నేను గుంటూరులో ఇంటర్ పిల్లలకి ఆరేళ్ళు చెప్పాను.” కాసేపాగి అంది, “2006లో ఉద్యోగం మానేసి రమ్మన్నప్పుడు కూడా ఇదే మాట అన్నారు. నాకు తెలుసు, నువ్వు కూర్చో అని. కూర్చున్నాను. తొమ్మిదేళ్ళు.”

తొమ్మిదేళ్ళ లెక్క సరైనదే. ఆవిడ వచ్చింది హెచ్-4 వీసా మీద. గ్రీన్ కార్డు వరసలో కొంత ముందుకెళ్ళిన హెచ్-1బి వాళ్ళ భార్యాభర్తలకి ఉద్యోగానుమతి ఇచ్చే నియమం 2015లో వచ్చింది. అప్పటికి ఫిజిక్సు లెక్చరరు చదువులో ఇక్కడివాళ్ళకి తొమ్మిదేళ్ళ ఖాళీ కనబడింది. ఇప్పుడు ఒక బడిలో సబ్‌స్టిట్యూట్ టీచరు. వచ్చే ముందు ఆవిడకి ఈ సంగతులు చెప్పానా? ఒకటి రెండేళ్ళలో సర్దుకుంటుందిలే అన్నాను. నాకు తెలిసింది అంతే. తెలుసన్నది మాత్రం ఎక్కువ.

దీన్ని నేను వ్యాసంలో ఎందుకు రాయలేదు? పరువు అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ పోయేది ఎవరి పరువు? ఆవిడ తప్పు ఇందులో ఏమీ లేదు. దాచింది నా గుట్టు, పేరు మాత్రం ఇంటి గుట్టు. మన యాత్రావ్యాసాల్లో, ఆ మాటకొస్తే మన వలస కథల్లో కూడా, ‘మేము’ చాలాసార్లు చేసే పని ఇదే. ‘మేము అమెరికా వచ్చాం, కష్టపడ్డాం, స్థిరపడ్డాం.’ ఎవరు బండి నడిపారు, ఎవరు వెనక నుంచుని అరిచారు, ఎవరు చెప్పిన మాట ఎవరు వినలేదు అని విడదీసి చెబితే వాక్యం కొంచెం వికారంగానే ఉంటుంది. అయినా ఆ వికారమే చదవదగ్గది. లాంగ్ ట్రైలర్ డెబ్భయ్యేళ్ళ తర్వాత కూడా నవ్విస్తోందంటే, వెనక్కి నడపడం రాని మొగుణ్ణి వెనక్కి నడపడం రానట్టే చూపించింది కాబట్టి.

ఈ సంకలనం చదివే ఇక్కడివాళ్ళకీ అక్కడివాళ్ళకీ నా మనవి ఒక్కటే. ఈసారి ఎక్కడికైనా వెళ్ళొచ్చి రాయబోయేటప్పుడు ‘మేము’ వచ్చిన ప్రతిచోటా ఒక్క క్షణం ఆగండి. ఇంకా మంచిది, పక్క సీటులో కూర్చున్నవాళ్ళని రాయమనండి. మా ఆవిడని అడిగాను. “నాకు తీరిక లేదు, పరీక్ష పేపర్లున్నాయి,” అంది.

ఈ వ్యాసం మాత్రం ముందు ఆవిడకే చూపించాను. అచ్చుకి పంపొచ్చా అని అడిగాను. పెన్ను తీసుకుని నీళ్ళ బరువు లెక్క తను ఒకసారి వేసి చూసుకుంది, సరిపోయింది. సినిమా పేరాలు చదివి నవ్వింది. తొమ్మిదేళ్ళ దగ్గర కాసేపు ఆగింది, కొట్టేయలేదు. చివరికి మొదటి పేజీకి వెళ్ళి ఒక మాట కింద గీత గీసింది.

“పంపండి. కానీ ఆ రోజు పులిహోర కాదు, దద్దోజనం.”